నల్లమల యాత్రకు ప్లాన్ వేసుకోవడం – 4వ పాఠం: గేటు లెక్క

ఈసారి రూముల బుకింగ్ గురించి చెప్తానని పోయిన పాఠంలో మాటిచ్చాను. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. మీరు రాసి పంపిన ప్లాన్లు చూశాక, ముందు సరిచేయాల్సింది ఇంకొకటి ఉందని అర్థమైంది.

మూడో పాఠంలో చూడాల్సిన చోట్ల జాబితా రాయమన్నాను. అందరూ బాగానే రాశారు. ఉమామహేశ్వరం కొండ గుడి, ఫర్హాబాద్ సఫారీ, మల్లెలతీర్థం జలపాతం, శ్రీశైలం డ్యామ్, మల్లన్న దర్శనం, పాతాళగంగ. ఒక్కో చోటి పక్కన కిలోమీటర్లు కూడా రాయమన్నాను. అక్కడే తప్పు జరిగింది. ఆ కిలోమీటర్లను అరవైతో భాగించి, ఇన్ని గంటలు పడుతుందని చాలామంది తేల్చేశారు. కిలోమీటర్లు రాయమన్నవాడిని, వాటితో గంటల లెక్క కట్టొద్దని కూడా అప్పుడే చెప్పాల్సింది.

దాని ఫలితం దేవరకొండ వైపు నుంచి బయల్దేరిన ఒక కుటుంబం చూసింది. తుఫాన్ బండిలో పదకొండు మంది. వాళ్లలో డెబ్బై దాటిన నాయనమ్మ, మూడేళ్ల పిల్ల. మధ్యాహ్నం భోజనాలు చేసి తీరిగ్గా బయల్దేరారు. డిండి దగ్గర నీళ్లు చూస్తూ ఆగారు, ఉమామహేశ్వరం ఎక్కి దిగారు. మన్ననూరు చేరేసరికి తొమ్మిది దాటి పది నిమిషాలు. చెక్‌పోస్టు గేటు మూసేశారు. తెల్లవార్లూ బండిలోనే కూర్చున్నారు. గేటు దగ్గరున్నవాళ్లు తమ పని తాము చేశారు, వాళ్లను అనడానికి ఏమీ లేదు. ఆ నాయనమ్మకు పొద్దున కాళ్లు వాచి చెప్పులు పట్టలేదట. అది చదివి నాకు రెండు రోజులు మనసు మనసులో లేదు.

కాబట్టి ఈ పాఠమంతా గేటు గురించే.

మన్ననూరు నుంచి దోమలపెంట దాకా శ్రీశైలం రోడ్డు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచి పోతుంది. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ ముక్క మీద బండ్లు తిరగనివ్వరు. రెండు కొసలా గేట్లు ఉన్నాయి: పోయేటప్పుడు మన్ననూరు, వచ్చేటప్పుడు దోమలపెంట. దోర్నాల మీదుగా పోదామంటే అటు ఘాట్ మీద కూడా రాత్రి ఆంక్షలే. ఎందుకంటే చీకటి పడ్డాక ఆ రోడ్డు జంతువులది. దుప్పులు, కణుజులు, ఎలుగుబంట్లు, చిరుతలు, అప్పుడప్పుడు పెద్దపులి ఇటు నుంచి అటు దాటుతుంటాయి. హెడ్‌లైట్ కళ్లలో పడితే దుప్పి ఎటూ పోలేక రోడ్డు మధ్యలోనే నిలబడిపోతుంది. నేనొకసారి మాపటివేళ వటవర్లపల్లి దాటాక చూశాను. ముందు బండి తగిలి పడిపోయిన దుప్పిపిల్ల, పక్క పొదలో కదలకుండా నిలబడ్డ తల్లి. మేం పోయేదాకా అది అక్కడి నుంచి జరగలేదు. అప్పటి నుంచి నా లెక్కలో మన్ననూరు గేటు తొమ్మిదికి కాదు, సాయంత్రం ఆరింటికే మూసినట్టు. తొమ్మిదికి ఐదు నిమిషాల ముందు గేటు దాటితే చట్టం ఒప్పుకుంటుంది గానీ, ఆ తర్వాత రెండు గంటలు అడవిలో చీకట్లో నడపాలి. నేను నడపను, మిమ్మల్నీ నడపమనను.

ఇక అసలు పద్ధతి. ప్లాన్ ఇంటి నుంచి మొదలుపెట్టకండి. రాత్రి పడుకునే చోటి నుంచి వెనక్కి రాసుకుంటూ రండి. నేను పాత నోటుబుక్కులో పేజీ కింది గీత మీద మొదటి మాట రాసి, పైకి పోతాను. మహబూబ్‌నగర్ నుంచి ఒక కుటుంబం పోతోందనుకుని రాసిన పేజీ ఇది.

కింది గీత: సాయంత్రం 6, శ్రీశైలంలో రూము. దాని పైన: 4.30, దోమలపెంట. ఈగలపెంట దాటాక మలుపులు, డ్యామ్ దగ్గర అందరూ దిగి ఫొటోలు, కృష్ణ దాటి మళ్లీ ఎక్కుడు. గంటన్నర కంటే తక్కువ పెట్టకండి. దాని పైన: 3.00, వటవర్లపల్లి. దాని పైన: 12.00, మళ్లీ వటవర్లపల్లే. మధ్యలో మూడు గంటలు మల్లెలతీర్థానికి. రోడ్డు దిగి దాదాపు ఎనిమిది కిలోమీటర్లు లోపలికి, మళ్లీ అంతే బయటికి. అది కాక మూడు వందలకు పైగా మెట్లు. దిగేటప్పుడు పిల్లలు పరుగెత్తుతారు, ఎక్కేటప్పుడు పెద్దవాళ్లు పది మెట్లకోసారి కూర్చుంటారు. ఆ కూర్చోవడం కూడా లెక్కలో ఉండాలి. దాని పైన: 11.00, మన్ననూరు. దాని పైన: 9.00, ఉమామహేశ్వరం. దాని పైన: 6.00, మహబూబ్‌నగర్‌లో ఇల్లు.

ఇప్పుడు చూడండి, ఈ పేజీలో అన్నం తినే టైమ్ లేదు. మీ ప్లాన్లలో పదింటికి ఎనిమిదింట్లో కూడా లేదు. ఒక గంట కలపండి. అంటే ఇంటి దగ్గర 5 గంటలకు బండి కదలాలి. ఐదింటికి కదలాలంటే సద్ది రాత్రే కట్టుకోవాలి. మా ఇంట్లో జొన్నరొట్టెలు, పల్లిపొడి, ఉల్లిగడ్డ. రెండో పూటకైనా పాడుకావు, గిన్నెలు మోసే పని లేదు. స్టీలు డబ్బాల్లో పెట్టుకోండి. అడవిలోకి ప్లాస్టిక్ కవర్లు తీసుకుపోవద్దు. కోతులకు ఒక్క ముక్క కూడా వేయొద్దు.

ఫర్హాబాద్ సఫారీ ఈ పేజీలో పట్టలేదని గమనించారా? ఇరికించకండి. రెండో రోజు తిరుగు ప్రయాణంలో పెట్టుకోండి, లేదా దానికోసమే ఇంకోసారి రండి. నాకైతే రెండోదే ఇష్టం. మన్ననూరులో రాత్రి ఉండి, పొద్దున్నే గేటు తీయగానే లోపలికి పోతే అడవి వేరేగా ఉంటుంది. నల్లమద్ది చెట్ల మీద బెట్టుడత అనే పెద్ద ఉడత దూకుతుంటే, తోక ముందు కనబడుతుంది, ఒళ్లు తర్వాత. పులి కనబడకపోతే డబ్బులు దండగ అనుకునేవాళ్లు సఫారీకి పోకపోవడమే మంచిది.

నన్ను బాగా ఇబ్బంది పెట్టే విషయం ఒకటుంది. దాని గురించి కాస్త ఎక్కువే చెప్తాను. ఫోన్ మ్యాప్ చూపించే టైమ్‌ని నమ్మడం. "ఫోన్‌లో రెండు గంటలే చూపిస్తోంది సార్" అని నలుగురు రాశారు. ఫోన్ చెప్పేది బండి ఆగకుండా పోతే పట్టే టైమ్. అందులో ముందు పోయే లారీ లేదు. మలుపుల్లో పిల్లకు వాంతులైతే ఆగే పావుగంట లేదు. తుఫాన్ బండిలో పదకొండు మంది దిగి మళ్లీ ఎక్కడానికే పది నిమిషాలు, అది అసలే లేదు. ఒక్కో చోట దిగుతారు కాబట్టి ఆరు చోట్లకు గంట పోయింది. మన్ననూరు దాటాక చాలా చోట్ల సిగ్నల్ కూడా ఉండదు. అడవి రోడ్డు మీద గంటకు ముప్పై కిలోమీటర్లే అని రాసుకోండి. ఆలస్యమైతే మధ్యలో స్పీడు పెంచి కలుపుకుంటామంటారా, అది ప్లాన్ కాదు. అక్కడ స్పీడు పెంచితే ముందు చెప్పిన దుప్పిపిల్ల గతే. ఆలస్యమైతే ఒక చోటు కొట్టేయండి. ఏ చోటు కొట్టేయాలో ఇంటి దగ్గరే తేల్చుకుని దాని పక్కన చుక్క పెట్టుకోండి. అక్కడికి పోయాక తేల్చుకుందామంటే బండిలో గొడవ అవుతుంది.

తిరుగు ప్రయాణానికీ ఇదే లెక్క. దర్శనం అయ్యాక "ఇంకా ఆరే కదా" అని పాతాళగంగకు దిగుతారు. పైకి వచ్చేసరికి ఏడున్నర. ఆ తర్వాత ఘాట్ దిగి దోమలపెంటకు ఉరుకులు. శ్రీశైలంలో మధ్యాహ్నం 2 గంటలకల్లా బండి కదలాలి. లేదంటే ఆ రాత్రి అక్కడే ఉండి, పొద్దున్నే బయల్దేరాలి.

సీజన్ల సంగతి రెండో పాఠంలో చెప్పాను, కొందరు మర్చిపోయారు. ఏప్రిల్‌లో మల్లెలతీర్థం పోయి రాళ్లు చూసి వచ్చినవాళ్లున్నారు. వానలు తగ్గాక, అక్టోబరు నుంచి పోండి. జూలై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ ఉండదు. డ్యామ్ గేట్లు ఎత్తేది పైనుంచి వరద వచ్చినప్పుడే, తేదీ చూసి ఎత్తరు. అడవి లోపలున్న సలేశ్వరం గుడికి పోనిచ్చేది చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లో మాత్రమే. ఉగాదికి కన్నడ భక్తులు లక్షల్లో వస్తారు. శివరాత్రికి, కార్తీక సోమవారాలకు శ్రీశైలంలో కాలు పెట్టే చోటుండదు. ఆ రోజుల్లో దర్శనానికే సగం రోజు రాసుకోండి.

పెట్రోలు, మన్ననూరుకు ముందొచ్చే హాజీపూర్ చౌరస్తా దాటకముందే పోయించుకోండి.

అభ్యాసం

ఈసారిది కష్టంగానే ఉంటుంది. ఒక్కరే కూర్చుని చేయకండి, ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని చేయండి.

వనపర్తి నుంచి ఎనిమిది మంది. ఇద్దరికి మోకాళ్ల నొప్పులు, ఒకరికి షుగర్ కాబట్టి టైముకు తినాలి. కార్తీక సోమవారం తెల్లవారుజామున దర్శనం కావాలి. సోమవారం రాత్రికి ఇల్లు చేరాలి. మల్లెలతీర్థం, ఉమామహేశ్వరం రెండూ చూడాలని పిల్లల పట్టు. ఫోన్ పక్కన పెట్టి, కింది గీత నుంచి పైకి రాయండి. పోయేటప్పుడు మన్ననూరు గేటు, వచ్చేటప్పుడు దోమలపెంట గేటు, రెండింటి పక్కన మీరు చేరే టైమ్ ఎర్రసిరాతో రాయండి. కొట్టేయాల్సిన చోటి పక్కన చుక్క పెట్టండి. తర్వాత అదే ప్లాన్‌ను నల్గొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా మళ్లీ రాయండి. మూడోసారి, బండి టైరు పంక్చరై గంట పోయిందనుకుని రాయండి.

మూడో పేజీలో ఎర్రసిరా టైమ్ సాయంత్రం ఆరు దాటితే మొదటి పేజీకి తిరిగిపోయి, బయల్దేరే టైమ్ మార్చండి. మూడు పేజీలూ పూర్తయ్యాకే రూముల పాఠం తెరవండి. ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో తేలకుండా రూము బుక్ చేస్తే, కట్టిన డబ్బు తిరిగి రాకపోవచ్చు.