ఐరిస్ రక్తనాళాలను ఫోటో తీయాలంటే చుక్కలు వేయకముందే మొదలుపెట్టండి

కంట్లో నల్లగా కనిపించే ప్యూపిల్ చుట్టూ ఉన్న రంగు వలయమే ఐరిస్. రోజూ రెటీనా (కంటి వెనక వెలుగును పట్టే పొర) ఫోటోలు తీసి చెయ్యి తిరిగినవాళ్లు కూడా దీని రక్తనాళాలు తీయమంటే తడబడతారు, ఎందుకంటే ఐరిస్ ఒక్క క్షణం కుదురుగా ఉండదు. వెలుగు పడితే ప్యూపిల్‌ను చిన్నది చేస్తుంది, చీకటైతే పెద్దది చేస్తుంది, ఏమీ లేకపోయినా సన్నగా అదురుతూనే ఉంటుంది.

అయినా తీయాల్సిందే. షుగర్ వల్ల రెటీనా బాగా దెబ్బతిన్నప్పుడు, లేదా రెటీనా ప్రధాన సిర మూసుకుపోయినప్పుడు, ఆక్సిజన్ అందని రెటీనా నుంచి వచ్చే సంకేతాలకు ఐరిస్ మీద కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. అవి కంట్లో నీరు బయటికి పోయే మూలను మూసేస్తే వచ్చే గ్లకోమాను (కంట్లో ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతినే జబ్బు) అదుపు చేయడం చాలా కష్టం. సిర మూసుకున్న దాదాపు 3 నెలలకు వస్తుందని దీన్ని 100 రోజుల గ్లకోమా అనేవాళ్లు.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: ప్యూపిల్‌ను పెద్దది చేసే డైలేషన్ చుక్కలు వేయకముందు ఐరిస్‌ను చూడండి. కొత్త నాళాలు ఎక్కువగా ప్యూపిల్ అంచునే మొదలవుతాయి, ప్యూపిల్ పెద్దదైతే ఆ అంచు మడతల్లోకి వెళ్లిపోతుంది, కర్టెన్ పక్కకు లాగితే దాని మీది బొమ్మ కనబడనట్టు. ఒకసారి చుక్కలు వేశాక నా దగ్గరికి వచ్చిన కంట్లో అంచు శుభ్రంగా ఉందని రాసేశాను, తర్వాతి విజిట్‌లో చుక్కలు లేకుండా చూస్తే, కంటిని గడియారం ముఖంలా అనుకుంటే 5 గంటల స్థానంలో ఎర్ర దారం ముక్క చిక్కుపడినట్టు చిన్న ముడి కనిపించింది. అప్పటినుంచి ఈ వరస తప్పలేదు.

ముందు స్లిట్ ల్యాంప్, అంటే సన్నటి వెలుగు చీలికతో కంటిని పెద్దది చేసి చూసే మైక్రోస్కోప్. 16 రెట్లలో ప్యూపిల్ అంచంతా ఒక చుట్టు తిరిగి చూసి, అనుమానం ఉన్నచోట 25 లేదా 40 రెట్లకు వెళ్లండి. వెలుగును 30 నుంచి 45 డిగ్రీల పక్కనుంచి వేస్తే కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మెరుపు ఫోటోలో పడదు. ఫోకస్ ఐరిస్ మీది గుంటల అంచులు స్పష్టంగా కనిపించేలా పెట్టండి. మామూలు నాళాలు బండి చక్రం ఆకుల్లా ఐరిస్ బయటి అంచు నుంచి మధ్యకు వరసగా వస్తాయి, ముదురు గోధుమ రంగు కళ్లలో అయితే అవి దాదాపు కనబడవు. కొత్తవి పైపైన అడ్డదిడ్డంగా పాకుతాయి. గ్రీన్ ఫిల్టర్ వేస్తే రక్తం నల్లగా తేలుతుంది, లేత రంగు కళ్లలో ఇది బాగా పనికొస్తుంది. కొందరిలో నాళాలు నీరు బయటికి పోయే ఆ మూలలోనే మొదలవుతాయి కాబట్టి కంటి మీద ప్రత్యేక లెన్స్ పెట్టి ఆ మూలను చూసే గోనియోస్కోపీ కూడా చేయాలి, లెన్స్ నొక్కితే మాత్రం రక్తం పక్కకు పోయి సన్న నాళాలు మాయమైపోతాయి, జాగ్రత్త.

తర్వాత ఓసీటీ యాంజియోగ్రఫీ, అంటే వెలుగుతో స్కాన్ చేసి రక్తనాళాలను చూపే పద్ధతి. ఇందులో సూది, డై (రక్తంలోకి ఎక్కించే రంగు మందు) ఏమీ ఉండవు. ఒకే చోటును వెంటవెంటనే స్కాన్ చేసి, స్కాన్‌కూ స్కాన్‌కూ మారినదాన్ని పారుతున్న రక్తంగా చూపిస్తుంది. చిక్కంతా ఇక్కడే: ఐరిస్ కదిలినా అది మారినట్టే లెక్క. పైగా చాలా మెషిన్లలో కదలికను వెంబడించే ట్రాకర్ రెటీనా కోసం తయారైంది, ఐరిస్ దగ్గర దాన్ని నమ్ముకోలేం. కాబట్టి కంటి ముందుభాగాన్ని తీయడానికి ఉన్న లెన్స్ మెషిన్‌కు బిగించి, ఫోకస్ చేత్తో పెట్టి, గదిలో వెలుగు మార్చకుండా కొన్ని సెకన్లు ప్యూపిల్‌ను కుదురుకోనివ్వండి, ఆ తర్వాత ఒకసారి రెప్ప వేసి కన్ను తెరిచి కదలకుండా ఉండమని చెప్పి స్కాన్ నొక్కండి. ఐరిస్ అడ్డంగా సుమారు 12 మిల్లీమీటర్లు ఉంటుంది, 6 మిల్లీమీటర్ల చదరపు స్కాన్‌లో మొత్తం పట్టదు, అందుకని ముక్కలుగా తీయాలి. ఒక్కో ముక్కకు మూడేసి తీసి బాగున్నదాన్ని ఉంచుకోండి. ఫోటోలో అడ్డంగా తెల్లగీతలు పడితే అది కదలిక, నాళం కాదు. ముదురు కళ్లలో మెలనిన్ (కంటికి రంగునిచ్చే పదార్థం) వెలుగును మింగేస్తుంది, లోతులో ఏమీ కనబడలేదంటే అక్కడ నాళాలు లేవని కాదు.

నాళం కారుతోందా లేదా అన్నది మాత్రం ఓసీటీ చెప్పదు, దానికి డై ఎక్కించాల్సిందే. మామూలు ఐరిస్ నాళాలు ఫ్లోరెసీన్ అనే డైని బయటికి వదలవు, కొత్తవి త్వరగా, ధారాళంగా వదులుతాయి. వయసు పైబడినవాళ్లలో ప్యూపిల్ అంచున కొద్దిపాటి లీకేజీ ఉండొచ్చు, దాన్ని చూసి కంగారుపడకండి. ముదురు కళ్లలో నాళాల గీతలే కావాలంటే ఇండోసయనిన్ గ్రీన్ అనే మరో డై మేలు, అది వాడే 800 నానోమీటర్ల దరిదాపు వెలుగు మెలనిన్‌ను దాటుతుంది. ఏ డై అయినా డాక్టర్ పక్కన ఉండి, ఎమర్జెన్సీ మందులు చేతికందేలా ఉంటేనే ఎక్కించాలి, ముందుగా అలర్జీలు, గర్భం గురించి అడగాలి. ఫ్లోరెసీన్‌తో కాసేపు వికారం రావచ్చు, మూత్రం ఒక రోజు పసుపుపచ్చగా వస్తుంది. ఈ మాట ముందే చెబితే వాళ్లకు టెన్షన్ ఉండదు.

ప్రతి ఫోటో పక్కన ఏ కన్ను, ఎన్ని గంటల స్థానం, ఎన్ని రెట్లు, చుక్కలు వేశారా లేదా రాయండి. కంట్లో యాంటీ వీఈజీఎఫ్ ఇంజెక్షన్ (కొత్త నాళాలు పెరగకుండా ఆపే మందు) ఇవ్వబోతుంటే అంతకుముందే తీసేయండి, ఇచ్చిన కొద్ది రోజులకే ఈ నాళాలు వాడిపోతాయి, ముందు తీయకపోతే ఆ తర్వాత తీసినదాన్ని పోల్చి చూసుకోడానికి పాతది ఉండదు.