మందు మానినా గిల్టు పోనివాళ్లకి, నా అనుభవం

బాప్తిస్మం తీసుకుని మందు మానేశాక కూడా రాత్రి పడుకుంటే పాతవన్నీ గుర్తొచ్చి నిద్ర పట్టేది కాదు. ఉపవాసాలు, ఆల్‌నైట్ ప్రేయర్లు, కానుకలు, ఏదీ పనిచేయలేదు. పనిచేసింది ఇదీ: ముందు బైబిల్లో దావీదు పశ్చాత్తాపంతో పాడిన 51వ కీర్తన మోకాళ్ల మీద పైకి చదివి, ఊరికే పాపిని ప్రభువా అనకుండా ఒక్కో పాపం పేరుపెట్టి ఒప్పుకున్నా. తర్వాత, పాపాలు ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడని చెప్పే 1 యోహాను 1:9 చదివి, ఫీలింగ్ ఏమీ రాకపోయినా క్షమించాడని నమ్మి స్తోత్రం చెప్పా. ఆ తర్వాతే లూకా 19లో అన్యాయంగా తీసుకున్నది తిరిగిచ్చేస్తానన్న జక్కయ్యలాగా, ఎగ్గొట్టిన అప్పులు ఇళ్లకెళ్లి తీర్చి, తాకట్టులో ఉన్న మా ఆవిడ గాజులు విడిపించి తన చేతిలో పెట్టా, తను ఏడ్చేసింది. నాకైతే ఈ ఆర్డరే ముఖ్యం అనిపిస్తుంది, ముందు డబ్బు కట్టి తర్వాత క్షమాపణ అడిగితే కొనుక్కున్నట్టే, కృప అలా రాదు కదా. అందరికీ ఇలాగే అవుతుందని చెప్పలేను. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రార్థనతో పాటు డాక్టర్ దగ్గరికీ వెళ్లండి.