మళ్లీ సముద్రంలోకి – నాలుగో పాఠం: చేతికి ఏ డైవ్ కంప్యూటర్?

గత పాఠంలో డాక్టరు దగ్గర ఫిట్‌నెస్ ఫారం నింపించుకోవడం, రిఫ్రెషర్ డైవ్ బుక్ చేసుకోవడం దాకా వచ్చాం. ఆ రెండూ కాకుండా ఈ పాఠం మొదలుపెట్టొద్దని మనవి.

ఏళ్ల తర్వాత మళ్లీ స్కూబాకి దిగేవాళ్లు సొంతంగా కొనాల్సిన మొదటి వస్తువు డైవ్ కంప్యూటరే (ఏ లోతులో ఇంకా ఎంతసేపు ఉండొచ్చో లెక్కకట్టి చూపించే, చేతికి కట్టుకునే పరికరం) అని నా గట్టి అభిప్రాయం. రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించేది), బీసీడీ (నీళ్లలో తేలడాన్ని అదుపు చేసే జాకెట్), సిలిండర్ అద్దెకు దొరుకుతాయి, వాటితో పని జరిగిపోతుంది. కంప్యూటర్ అద్దెకు తీసుకుంటే మాత్రం దాని బటన్లు పడవ మీద, ఆ హడావుడిలో నేర్చుకోవాలి. అనంతపురంలోనో కర్నూలులోనో ఉండే మనకు సముద్రం దూరం. అందుకే రెండు మూడు నెలల ముందే కొని, ఇంట్లో కూర్చుని నేర్చుకుని వెళ్లడం మంచిది.

కడప నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, గైడ్ చేతికి కంప్యూటర్ ఉంటుంది కదా, ఆయన వెంటే పోతే సరిపోదా?" సరిపోదు తమ్ముడూ. ఆయన నీకన్నా రెండు మీటర్లు పైన ఈదుతుండొచ్చు. పొద్దున నువ్వు చేసిన డైవ్ ఆయన చేసి ఉండకపోవచ్చు. ఆయన కంప్యూటర్ లెక్క ఆయన డైవ్‌కే.

అది వేసే లెక్క ఏమిటో ముందు తెలియాలి. నిజానికి దానికి తెలిసినవి రెండే: నీటి ఒత్తిడి, సమయం. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. 20 మీటర్ల లోతులో మనం పీల్చే గాలి పైనున్న గాలికి మూడింతల ఒత్తిడితో ఉంటుంది. ఆ ఒత్తిడికి నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది. త్వరగా పైకి వచ్చేస్తే ఒంట్లోనే బుడగలై బెండ్స్ అనే జబ్బు తెస్తుంది.

శరీరంలో అన్ని భాగాలూ నైట్రోజన్‌ను ఒకే వేగంతో తీసుకోవన్న సూత్రం మీద డైవింగ్ పట్టికలు తయారుచేసి 1908లో ప్రచురించినవాడు జాన్ స్కాట్ హాల్డేన్. ఆయన ప్రయోగాలు మేకల మీద జరిగాయి. మన నేలలు చూసినవాళ్లకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది: ఎర్రనేల వాన నీటిని గబగబా తాగి గబగబా ఆరిపోతుంది, నల్లరేగడి నిదానంగా తాగి రోజుల తరబడి పట్టి ఉంచుతుంది. రక్తం, మెదడు మొదటి రకం, కొవ్వు రెండో రకం. తర్వాత స్విట్జర్లాండ్‌కు చెందిన ఆల్బర్ట్ బూల్‌మన్ ఇలాంటి 16 రకాల కణజాలాలను ఊహించి లెక్క కట్టాడు. వాటిలో అన్నిటికన్నా వేగమైనది సగం నిండటానికి 4 నిమిషాలు పడితే, అన్నిటికన్నా నిదానమైనదానికి 635 నిమిషాలు పడుతుంది. ఇవాళ చాలా కంప్యూటర్లలో నడిచేది ఆ లెక్కే.

ఈ లెక్కంతా స్క్రీన్ మీద ఒక్క అంకెగా కనిపిస్తుంది: నో-డెకో టైమ్. అంటే, ఇదే లోతులో ఇంకా ఎన్ని నిమిషాలు ఉంటే మధ్యలో తప్పనిసరిగా ఆగకుండా నేరుగా పైకి రావచ్చో ఆ సమయం. మీరు అప్పట్లో కోర్సులో నేర్చుకున్న, స్కూబా శిక్షణ సంస్థ పాడి (PADI) వారి పట్టిక గుర్తుందా? 18 మీటర్లకు 56 నిమిషాలు, 30 మీటర్లకు 20 నిమిషాలు. పట్టిక ప్రకారం 18 మీటర్ల దగ్గర పది నిమిషాలే ఉండి, మిగతా డైవంతా 10 మీటర్లలో గడిపినా మొత్తం 18 మీటర్ల కిందే జమ. కంప్యూటర్ కొన్ని సెకన్లకోసారి లెక్క సరిచేసుకుంటుంది కాబట్టి, మీరు పైకి వచ్చేకొద్దీ సమయం పెరుగుతుంది. కానీ మీ వయసు, బరువు, రాత్రి నిద్ర, పొద్దున్నుంచి తాగిన నీళ్లు దానికి తెలియవు. నలభై దాటి తిరిగి వస్తున్నవాళ్లు ఈ మాట గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే కొనేటప్పుడు చూడాల్సిన మొదటి సంగతి ఇక్కడే ఉంది: లెక్కను మనం ఎంత జాగ్రత్త వైపు జరపగలం?

షియర్‌వాటర్ పెరెగ్రిన్ అనే మోడల్‌లో ఇది 45/95, 40/85, 35/75 అని జంట అంకెల్లో ఉంటుంది. రెండో అంకెను పట్టుకోండి. 95 అంటే సిద్ధాంతం ఒప్పుకునే హద్దులో 95 శాతం దాకా వెళ్లి పైకి తేలడం, 75 అంటే 75 శాతం దగ్గరే చాలనుకోవడం. కొత్తగా తిరిగి వచ్చేవాళ్లు 35/75తో మొదలుపెట్టాలని నా సలహా. నో-డెకో టైమ్ కొంచెం తగ్గుతుంది, తగ్గనివ్వండి. సుంటో జూప్ నోవో, క్రెస్సీ లియోనార్డో వంటివి ఆర్‌జీబీఎం అనే వేరే లెక్కతో నడుస్తాయి, అందులోనూ జాగ్రత్త పెంచే సెట్టింగ్ ఉంది. ఏది మేలన్న వాదనలో పడి సమయం పోగొట్టుకోవద్దు. హద్దు దాటితే మీ కంప్యూటర్ ఏం చేస్తుందో తెలుసుకోవడం అంతకన్నా ముఖ్యం. ఉదాహరణకు జూప్ నోవోలో డెకో స్టాప్ (హద్దు దాటాక పైకి వచ్చే దారిలో తప్పనిసరిగా ఆగడం) ఎగ్గొట్టి పైకి వస్తే 48 గంటల పాటు అది డెకో లెక్క చూపించడం మానేస్తుంది. సెలవులో రెండు రోజులు పోయినట్టే.

రెండోది కళ్లు. దీన్ని చాలామంది పట్టించుకోరు. చత్వారం వచ్చాక చేయి చాచి చదివే అలవాటు పడిపోతాం, మసకనీళ్లలో అదీ కుదరదు. షాపులోనో ఫ్రెండ్ చేతి మీదో చూసేటప్పుడు అద్దాలు తీసేసి, గదిలో లైటు ఆర్పి, లోతు, సమయం, నో-డెకో టైమ్ మూడూ ఒక్క చూపులో దొరుకుతున్నాయా చూడండి. వాచీ సైజు కంప్యూటర్లు చేతికి అందంగానే ఉంటాయి. అయినా చత్వారం ఉన్నవాళ్లకు లియోనార్డో, మారెస్ పక్ ప్రో లాంటి పెద్ద అంకెలవే నయం. ఈ రెంటికీ ఒకటే బటన్, టెన్షన్‌లో తప్పు బటన్ నొక్కే పని లేదు. పెరెగ్రిన్ కలర్ స్క్రీన్ ఇంకా హాయి, కాకపోతే ఖర్చు ఎక్కువ.

బ్యాటరీ సంగతి మన ఊళ్లలో ఉండేవాళ్లకు ప్రత్యేకం. వాచీ షాపుల్లో సులువుగా దొరికేది సీఆర్2032. పక్ ప్రోకి కావాల్సిన సీఆర్2450 కోసం తిరగాల్సి రావచ్చు, అందుకని ముందే తెప్పించి పెట్టుకోండి. బ్యాటరీ మార్చేటప్పుడు మూత చుట్టూ ఉండే ఓ-రింగ్ (రబ్బరు వలయం) మీద వెంట్రుక వాసి దుమ్ము ఉన్నా నీళ్లు దూరతాయి. ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే దాన్ని పారేయక్కర్లేదు. కొత్త ఓ-రింగ్, కొత్త బ్యాటరీ వేసి కింద చెప్పబోయే పరీక్ష పెట్టండి. ఎండాకాలంలో కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం ఏ కంప్యూటరూ వదలొద్దు.

సిలిండర్‌లో గాలి ఎంతుందో చేతి మీదే చూపించే ట్రాన్స్‌మిటర్ గురించి అడుగుతుంటారు. అద్దె రెగ్యులేటర్లు వాడేవాళ్లకు ప్రతిసారీ దాన్ని బిగించడం, విప్పడం తలనొప్పి. ఇప్పటికి వద్దు.

ఇక పరీక్ష. అడుగున ఏడెనిమిది మీటర్ల నీళ్లున్న బావి మన పల్లెల్లో ఇంకా దొరుకుతుంది. మీరు దిగొద్దు, కంప్యూటర్‌ను దించండి. గట్టి తాడుకు చివర బరువు కట్టి, దానికి కాస్త పైన కంప్యూటర్‌ను బిగించండి. కంప్యూటర్ దగ్గర్నుంచి మీటరుకో ముడి వేయండి. పట్టీకి అదనంగా ఇంకో దారం కూడా కట్టాలి, ఊడితే పూడిక నుంచి తీయలేం. మనిషి తోడు లేకుండా బావి గట్టు మీదికి వెళ్లొద్దు. మొదటి ముడి, రెండో ముడి మునిగేసరికి కంప్యూటర్ తనంతట తానే డైవ్ మోడ్‌లోకి వెళ్తుంది. ఆరో ముడి దాకా దించి ఐదు నిమిషాలు ఉంచి, నిమిషానికి 9 మీటర్లు మించకుండా, అంటే ఒక్కో ముడికి ఏడు సెకన్ల చొప్పున లాగండి. లాగ్‌బుక్ తెరిస్తే అత్యధిక లోతు 6 మీటర్లకు దగ్గరగా ఉండాలి. సెట్టింగ్ ఉప్పునీటిలో ఉంటే మంచినీటిలో దాదాపు 3 శాతం తక్కువ చూపిస్తుంది, అది లోపం కాదు. రెండోసారి కావాలని సర్రున లాగండి. హెచ్చరిక మోత ఎలా ఉంటుందో చెవులకు తెలిసిపోతుంది. చాలా కంప్యూటర్లలో సేఫ్టీ స్టాప్ (పైకి వచ్చే ముందు జాగ్రత్త కోసం కాసేపు ఆగడం) కౌంటర్ సుమారు 10 మీటర్లు దాటితేనే వస్తుంది, బావిలో రాలేదని కంగారు పడొద్దు.

ఎత్తు సెట్టింగ్ కూడా చూడండి. జూప్ నోవోలో 0–300, 300–1500, 1500–3000 మీటర్లని మూడు మెట్లు చేత్తో పెట్టాలి. అనంతపురం సుమారు 335 మీటర్ల ఎత్తున ఉంది, రెండో మెట్టులోకి వస్తుంది. కర్నూలు, కడప మొదటి మెట్టులోనే. ఈ పరీక్ష ప్రయాణానికి వారం ముందే ముగించండి. బావిలో మునిగింది మీరేననుకుని కంప్యూటర్ ఆ నైట్రోజన్‌ను కూడా లెక్కలో ఉంచుకుంటుంది.

తిరుగు ప్రయాణం గురించి. విమానం ఎక్కడానికి ముందు ఒకే డైవ్ అయితే 12 గంటలు, రోజుకు రెండు మూడు డైవ్‌లు గానీ వరుస రోజుల డైవ్‌లు గానీ అయితే 18 గంటలు ఆగమని డైవర్ల భద్రత కోసం పనిచేసే డాన్ (DAN) సంస్థ సూచన. డెకో స్టాప్ చేసిన డైవ్ అయితే అంతకన్నా బాగా ఎక్కువ. ఈ సూచన 600 మీటర్ల ఎత్తు నుంచే వర్తిస్తుంది, విమానమే అవ్వాలని లేదు. కర్ణాటక తీరంలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవిలో డైవ్ చేసి కారులో అనంతపురం వచ్చేవాళ్లు ఘాట్ ఎక్కి, 700 మీటర్లు దాటిన చిత్రదుర్గ మీదుగా వస్తారు. గోవా నుంచి గుంతకల్లు రైలెక్కినా హుబ్బళ్లి దగ్గర 600 మీటర్లు దాటుతుంది. పుదుచ్చేరి నుంచి బెంగళూరు మీదుగా వస్తే దాదాపు 900. చెన్నై నుంచి రేణిగుంట మీదుగా రైల్లో కడపకు వచ్చేవాళ్లకు మాత్రం ఈ ఇబ్బంది లేదు. కంప్యూటర్‌లో విమానం గుర్తు పక్కన కనిపించే గంటలు సున్నా అయ్యేదాకా ఆగి ఘాట్ ఎక్కండి. ఆ గంటలు 18 కన్నా తక్కువ చూపిస్తే మీరు మాత్రం 18 పాటించండి.

అభ్యాసం: కొనాలనుకున్న మోడల్ మాన్యువల్ డౌన్‌లోడ్ చేసి మూడు విషయాలు వెతికి నోట్‌బుక్‌లో రాయండి: జాగ్రత్త సెట్టింగ్ ఎక్కడ మార్చాలి, హద్దు దాటితే ఏమవుతుంది, బ్యాటరీ ఏది. తర్వాత ఈ లెక్క చేయండి. నేత్రాణిలో శని, ఆదివారాలు రోజుకు రెండేసి డైవ్‌లు, ఆఖరి డైవ్ నుంచి ఆదివారం పగలు 11:30కి పైకి తేలారు, డెకో స్టాప్ ఏదీ లేదు. సోమవారం ఎన్ని గంటలకు ముందు ఘాట్ ఎక్కకూడదు? జవాబు ఐదో పాఠం మొదట్లో.