కోరల్ బెల్స్ నాటే ముందు చూసుకోవాల్సినవి

ఈ జాగ్రత్తలు అమెరికాలో పెరడున్న మనవాళ్ల కోసం. హ్యూకెరా అని కూడా పిలిచే ఈ మొక్కకు పుట్టిల్లు ఉత్తర అమెరికానే. మన ఊళ్ల ఎండకు తట్టుకోదు, ఇండియాకి పట్టుకెళ్దామన్న ఆలోచన మానుకోండి.

• ముందు నేల సంగతి. గుంత తవ్వి బకెట్ నీళ్లు పోయండి. గంటల తరబడి ఇంకకపోతే కంపోస్టు కలిపి మడిని ఎత్తు చేయండి. ఈ మొక్క చలికన్నా చలికాలపు తడికే ఎక్కువగా చస్తుంది.

• ఆకులు పుట్టే మొదలు నేలమట్టానికి ఉండాలి. లోతుగా పాతితే కుళ్లుతుంది. నేల గడ్డకట్టి కరిగేటప్పుడు మొక్క పైకి లేస్తుంది కాబట్టి మార్చిలో ఒకసారి చూసి, మట్టి సర్ది నొక్కండి. మల్చ్, అంటే నేల మీద పరిచే ఎండుటాకులో చెక్క పొట్టో, మొదలుకు తగలనీయొద్దు.

• పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ.

• మొక్కకూ మొక్కకూ మధ్య ఎడం 12 నుంచి 18 అంగుళాలు.

• కొనేటప్పుడు మొహమాటపడకుండా కుండీలోంచి తీసి వేర్లు చూడండి. తెల్లగా వంగిన పురుగులుంటే అవి వేర్లు తినేసే వైన్ వీవిల్ అనే పురుగు పిల్లలు. ఆ కుండీ అక్కడే వదిలేయండి.

• పూలే కావాలంటే రంగు ఆకుల రకాలకు మోసపోవద్దు, చాలావాటికి పూలు అంతంతమాత్రమే. ఎర్ర పూల సాంగ్వీనియా అనే హ్యూకెరా జాతిని అడగండి, హమ్మింగ్‌బర్డ్‌లు వెతుక్కుంటూ వస్తాయి.