గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగిందా? టెన్షన్ ఎలా దించుకోవాలంటే

"టెన్షన్ పడకు" అని చెప్పగానే టెన్షన్ తగ్గిన మనిషిని నేనింతవరకు చూడలేదు. ఏడో నెలలో నాకు బీపీ 148/94 వచ్చిన రోజు అత్తయ్య, పక్కింటి పిన్నిగారు, ఫోన్లో అమ్మ, అందరూ అదే మాట అన్నారు, పడకుండా ఎలా ఉండాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఆ 'ఎలా' అన్నది తర్వాత నేను నేర్చుకున్నంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి. ఇవేవీ మాత్రకు బదులు కావు. గర్భంలో కనీసం నాలుగు గంటల తేడాతో రెండుసార్లు చూసినా 140/90 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే బీపీ ఉన్నట్టే లెక్క. 20 వారాల తర్వాత బీపీ పెరిగి, దాంతోపాటు మూత్రంలో ప్రొటీన్ పోవడమో, కిడ్నీ, లివర్ దెబ్బతినడమో కనిపిస్తే ప్రీఎక్లాంప్సియా అంటారు. అది ముదిరి ఫిట్స్ వస్తే మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనేవారు. ప్రీఎక్లాంప్సియా మూలం మాయ (ప్లాసెంటా) దగ్గర, రక్తనాళాల్లో ఉంటుంది, మీ ఆలోచనల్లో కాదు. కాబట్టి "నువ్వు అతిగా ఆలోచించబట్టే వచ్చింది" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. ఊపిరి, విశ్రాంతి వల్ల తగ్గేది భయానికి పైకి ఎగిరే ఆ కాస్త బీపీ, గుండెదడ, పట్టని నిద్ర. అదీ తక్కువేం కాదు, కానీ ప్రీఎక్లాంప్సియా రాకుండా ఇవి ఆపుతాయని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

సరే, ముందు బీపీ చూసుకోవడం సరిగ్గా నేర్చుకోండి, ఎందుకంటే సగం టెన్షన్ తప్పుడు అంకెల వల్లే వస్తుంది. నేను వెళ్లిన ఒక క్లినిక్‌లో, పేరెందుకు గానీ, మూడో అంతస్తుకి మెట్లెక్కి ఆయాసపడుతూ రాగానే చుడీదార్ చేతి మీదే పట్టీ చుట్టి, మధ్యలో ఆధార్ నంబర్ కూడా అడిగారు. అలా చూస్తే ఎవరికైనా ఎక్కువే వస్తుంది. మూత్రానికి వెళ్లి వచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. పట్టీ నేరుగా చర్మం మీద, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. ఆ సమయంలో మాటలు వద్దు, అరగంట ముందు నుంచే కాఫీ, టీ వద్దు. చెయ్యి లావుగా ఉంటే పెద్ద పట్టీ అడగండి, బిగుతు పట్టీతో అంకె ఎక్కువ చూపిస్తుంది. వచ్చిన అంకె, టైము ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, బాగోలేని అంకె కూడా. నేను మొదట్లో మంచివి మాత్రమే రాసేదాన్ని, డాక్టరమ్మ పట్టేసుకున్నారు.

ఇప్పుడు ఊపిరి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చండి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి, అంటే నిమిషానికి ఆరు ఊపిరులు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కొంచెం తగ్గుతుంది, అందుకే వదలడం పొడుగ్గా ఉండాలి. పొట్ట పెద్దదై నాలుగు వరకు కూడా అందకపోతే మూడు పీల్చి నాలుగు వదిలినా చాలు, లెక్క కోసం కుస్తీ పట్టకండి. ఊపిరి బిగబట్టడం వద్దు. కపాలభాతి, భస్త్రిక లాంటి ఊపిరి వేగంగా ఆడించే ప్రాణాయామాలు పెళ్లికి ముందు నుంచీ అలవాటున్నా ఇప్పుడు పక్కన పెట్టండి. ఉదయం ఐదు నిమిషాలు, రాత్రి ఐదు నిమిషాలు, అంతే. మొదటి మూడు రోజులు మనసు ఎక్కడికో పోతుంది. నాకైతే గ్యాస్ కట్టానా లేదా అన్నదే గుర్తొచ్చేది. పోనివ్వండి, మళ్లీ లెక్కలోకి రండి.

రెండోది ఒళ్లు వదులు చేయడం. దీన్ని ఎడ్మండ్ జాకబ్సన్ అనే అమెరికన్ డాక్టరు వందేళ్ల క్రితం మొదలుపెట్టాడు. ఆయన పద్ధతిలో ఒక్కో కండరాన్నీ బిగించి వదలాలి. బీపీ ఉన్నవాళ్లు గట్టిగా బిగిస్తే ఆ కాసేపు బీపీ పెరుగుతుంది, కాబట్టి మీ బలంలో సగం కూడా వాడకండి. ఎడమ పక్కకు తిరిగి పడుకుని, మోకాళ్ల మధ్య ఒక దిండు, పొట్ట కింద ఒక పలచటి దిండు పెట్టుకోండి. నెలలు నిండేకొద్దీ వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు వెన్ను పక్కనున్న పెద్ద రక్తనాళం మీద పడి కళ్లు తిరుగుతాయి, అందుకే పక్కకు తిరగమనేది. పాదాలతో మొదలుపెట్టండి, వేళ్లను మీ వైపుకు లాక్కుని ఐదు సెకన్లు, తర్వాత వదిలేసి పదిహేను సెకన్లు. వేళ్లు ముందుకు చాచితే పిక్క పట్టేస్తుంది, అర్ధరాత్రి ఆ నొప్పి పడ్డవాళ్లకే తెలుసు. తర్వాత తొడలు, పిడికిళ్లు, భుజాలు చెవుల దాకా లేపి వదలడం, చివరికి దవడ, నుదురు. పొట్టను మాత్రం బిగించొద్దు. మధ్యలో నిద్ర పడితే ఇంకా మంచిది. లేచేటప్పుడు మాత్రం కాసేపు మంచం అంచున కూర్చుని లేవండి. ల్యాబెటలాల్, నిఫెడిపిన్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు గబుక్కున లేస్తే కళ్లు బైర్లు కమ్ముతాయి.

మన విశాఖలో ఇంకో చిక్కు ఉక్కపోత. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం చెమట కారుతుంటే ఏ ఊపిరీ ప్రశాంతంగా ఆడదు, తెల్లవారుజామునో రాత్రి చల్లబడ్డాకో పెట్టుకోండి. డాక్టరు నడవొచ్చు అన్నాకే ఆర్కే బీచ్ దాకా వెళ్లి, గట్టు మీద కూర్చుని ఒక అల వచ్చి వెనక్కి పోయేంత సేపు ఊపిరి వదిలి చూడండి, అంకెలు లెక్కపెట్టే పనే ఉండదు. గాజువాక వైపు నుంచి బస్సులో పడి రావాల్సిన వాళ్లు మాత్రం అంత శ్రమ పడొద్దు, డాబా మీద కుర్చీ చాలు. ఇక మొక్కుల సంగతి. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, ఈసారికి ఇంట్లో వేరే ఎవరైనా నడుస్తారు, అప్పన్న ఏమీ అనుకోడు.

ఇంట్లోవాళ్లకు కూడా ఒక పని అప్పజెప్పండి. నా ఐదు నిమిషాలప్పుడు టీవీ సౌండు తగ్గించి, ఫోన్ ఎత్తే బాధ్యత మా ఆయనకిచ్చాను. ఫలానావాళ్ల అమ్మాయికి ఇలాగే అయి ఏమైందో తెలుసా అంటూ మొదలుపెట్టే చుట్టాలకు కూడా ఆయనే జవాబు చెప్పేవారు.

ఇక జాగ్రత్తగా చదవాల్సింది ఇది. ఊపిరి చేసుకున్నాక బీపీ చూసి "126 వచ్చింది కదా" అని మాత్ర మానేయకండి, అది ఆ క్షణపు అంకె. అలాగే 160/110 కనిపిస్తే, రెండంకెల్లో ఏ ఒక్కటి అంత ఉన్నా సరే, కళ్లు మూసుకుని తగ్గించుకుందామని కూర్చోకండి. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, కళ్ల ముందు మెరుపులు, కుడి పక్కటెముకల కింద నొప్పి, ముఖం చేతులు ఒక్కసారిగా వాయడం, ఆయాసం, బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, మిషన్‌లో అంకె ఎంత ఉన్నా, వెంటనే ఆస్పత్రికి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. విశాఖ పాతబస్తీలో ఘోషాసుపత్రి (ఆడవాళ్ల ప్రభుత్వాసుపత్రి), జిల్లా పరిషత్ వైపు కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) ఉన్నాయి, మీరు ఎక్కడ చూపించుకుంటున్నా రాత్రి ఎటు వెళ్లాలో పగలే అడిగి పెట్టుకోండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు, ఆశా కార్యకర్తను అడిగితే దగ్గర్లో ఎక్కడో చెబుతుంది.

కాన్పుతో అయిపోయిందనుకుని నేను నోట్‌బుక్ అటక మీద పడేశాను. అది తప్పు. కాన్పు తర్వాత మూడు నుంచి ఆరు రోజుల మధ్య బీపీ మళ్లీ పెరగొచ్చు, సరిగ్గా అప్పుడే ఇంటికి పంపేస్తారు, బిడ్డ నిద్రపోనివ్వదు. పుట్టింటికి వెళ్లే సంచిలో పసుపు, సాంబ్రాణితో పాటు బీపీ మిషన్, ఆ నోట్‌బుక్ కూడా పెట్టండి. బాలింతగా పాలిచ్చేటప్పుడు కూడా అదే నాలుగు, ఆరు లెక్క పనికొస్తుంది, ఎలాగూ కదలకుండా కూర్చునే టైమే కదా.