చంక దగ్గర మళ్లీ మళ్లీ చిరుగుతోందా? గసెట్ వేయండి

లాల్చీ గానీ, టాప్ గానీ చంక కింద చిరిగితే చాలామంది అదే చోట ఇంకో రెండు కుట్లు వేయించుకుని ఊరుకుంటారు. కొన్నాళ్లకే ఆ కుట్టు పక్కన బట్ట చిరుగుతుంది. లోపం కుట్టులో లేదు, అక్కడ బట్టే చాలలేదు. అలా చాలని చోట అతికే చిన్న ముక్కే గసెట్.

ముందు అద్దం ముందు నిలబడి చూసుకోండి. చెయ్యి కిందికి వదిలినప్పుడే పట్టేస్తుంటే ఆర్మ్‌హోల్ (చెయ్యి అతికే గుండ్రటి కోత) చిన్నదైందన్నమాట. లోపల మార్జిన్ (కుట్టు అవతల వదిలిన బట్ట) ఉంటే విప్పించండి, చాలు. చెయ్యి దించినప్పుడు బాగానే ఉండి, ఎత్తగానే టాప్ మొత్తం పైకి లేస్తుంటే గసెట్ కావాలి. ఇలాంటప్పుడు కొందరు టైలర్లు ఆర్మ్‌హోల్‌ని ఇంకా కిందికి కోస్తామంటారు. దయచేసి ఒప్పుకోకండి. చంక ఎంత కిందికి దిగితే, చెయ్యెత్తినప్పుడు బట్ట అంత ఎక్కువగా పైకి లాగుతుంది.

గసెట్ వేయడానికి అదే బట్టలో 4 అంగుళాల చదరపు ముక్క కత్తిరించండి. నిలువు పోగు, అడ్డ పోగు వెంబడే కోయండి. మూల తిప్పి పెట్టగానే చెయ్యి సాగే వైపుకి క్రాస్ (బట్ట బాగా సాగే ఏటవాలు దిశ) దానంతటదే వస్తుంది. చంకలో కుట్లు కలిసే చోటు నుంచి చెయ్యి వైపు 3 అంగుళాలు, పక్క కుట్టు వైపు 3 అంగుళాలు విప్పండి. ఆర్మ్‌హోల్ కుట్టు కూడా ముందూ వెనకా అర అంగుళం చొప్పున విప్పాలి. ముక్క చుట్టూ అర అంగుళం మార్జిన్ గీసుకుని, చెయ్యి వైపు విప్పిన కొస నుంచి ఆర్మ్‌హోల్ వరకు కుట్టి ఆగండి. సూది బట్టలోనే ఉంచి, ఫుట్ లేపి, బట్ట తిప్పి, పక్క కుట్టు విప్పిన కొస దాకా వెళ్లండి. రెండో వైపూ ఇంతే.

మూలలో ముడత పడిందంటే కుట్టు గీత దాటి మార్జిన్‌లోకి వెళ్లినట్టే. ఆ రెండు మూడు కుట్లు విప్పి, సరిగ్గా మూల మీదే తిప్పండి. మూలే చిరుగుతుంటే లోపల చిన్న ఫ్యూజింగ్ (వేడికి అంటుకునే గట్టి బట్ట) ముక్క ఇస్త్రీతో అంటించి, అప్పుడు కుట్టండి.

కింద కూర్చోగానే పైజామా సీటు దగ్గర చిరుగుతుంటే, నాలుగు కుట్లు కలిసే చోట ఇలాంటి ముక్కే వేయాలి. పట్టు బట్టలో కుట్టు వెంబడి దారాలు జరిగి సందులు కనిపిస్తే మాత్రం గసెట్ ఒక్కటే చాలదు. ఆ భాగం వదులు చేసి లోపల లైనింగ్ వేయించండి.

ఇనుప పనిలోనూ గసెట్ ఉంది. రేకుల షెడ్డు ట్రస్‌లో, అంటే కప్పును మోసే ఇనుప చట్రంలో, యాంగిల్స్ (L ఆకారపు ఇనుప కడ్డీలు) కలిసే చోట పెట్టే ప్లేటు అదే. అక్కడ చూడాల్సిన లక్షణం ప్లేటు వంగడం. అమెరికాలోని మినియాపొలిస్‌లో ఐ-35డబ్ల్యూ వంతెన 2007 ఆగస్టు 1న కూలి 13 మంది చనిపోయారు. కొన్ని గసెట్ ప్లేట్ల మందం కావలసినదాంట్లో సగమే, అర అంగుళం. 2003లో తీసిన ఫొటోల్లోనే అవి వంగి కనిపించాయి. అందుకే మీ షెడ్డులో ప్లేటు వంగినా, వెల్డింగ్ పగిలినా ఇంకో ముక్క అతికించి సరిపెట్టకండి. పైనున్న బరువు దింపించి, కింద ఎవరూ లేకుండా చూసి, స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలిపించండి.