నెలాఖరు లెక్కల మధ్య గిటార్ సోలో

ఫైనాన్స్ ఉద్యోగంలో నెలాఖరు క్లోజింగ్ వచ్చిందంటే గిటార్ బ్యాగులోంచి బయటికే రాదు. నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను.

గిటార్‌ను స్టాండ్ మీద, పని చేసుకునే బల్ల పక్కనే ఉంచండి. జిప్పు తీసి వైర్లు తగిలించే బద్ధకంతోనే సగం రోజులు పోతాయి. ఎలక్ట్రిక్ గిటార్ అయితే ఆంప్ (శబ్దం పెంచే యాంప్లిఫయర్) లేకుండానే వాయించొచ్చు, రాత్రి పదకొండింటికైనా ఎవరి నిద్రా చెడదు.

పాత రాక్ పాటలో సోలో (గిటార్ ముందుకొచ్చి వాయించే భాగం) మొత్తం వద్దు, రెండు బార్లే (తాళం లెక్కన విడదీసిన చిన్న ముక్కలు) తీసుకోండి. యూట్యూబ్‌లో వేగం 0.5కి తగ్గించినా శ్రుతి మారదు. తప్పు లేకుండా వరసగా 5 సార్లు వచ్చాక 0.75, ఆ తర్వాత మామూలు వేగం. 15 నిమిషాలకు అలారం పెట్టుకుని, మోగగానే ఆపేయండి (అసలు కష్టం ఇక్కడే). మర్నాడు అవే బార్లు ఒకసారి వాయించి, తర్వాతి రెండింటికి వెళ్లండి.

ఒక్క జాగ్రత్త. ఆంప్ లేనప్పుడు పక్క తీగలు మోగుతున్నా పెద్దగా వినబడదు; డిస్టార్షన్ (రాక్ గిటార్‌లో వినబడే ఆ గరుకు శబ్దం) పెట్టగానే ఆ గోల అంతా బయటపడుతుంది. అందుకని వారానికోసారి, సెలవు రోజున, ఆంప్‌కి తగిలించి నేర్చుకున్న ముక్కంతా వాయించి చూసుకోండి.